పుస్తకంలో లేని రాగం



ఈ వేసవిలో మందిరం వైపు వచ్చినవాళ్లు అందరూ అడిగింది ఒకటే: "గిటార్ల సంగతి ఎంతదాకా వచ్చింది?" హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి ఫోను చేసి అడిగినవాళ్లూ ఉన్నారు. ఏప్రిల్ నెలాఖరున మొదలుపెట్టి జూన్ మూడో ఆదివారం వరకు ఏడుగురం కూర్చుని గిటారు నేర్చుకున్నాం. ఏ పాటలు వచ్చాయి, ఏవి రాలేదు, ఎక్కడ ఆగాం, అన్నీ ఈ వారం చెబుతాం. చివర్లో మిమ్మల్ని ఒక సహాయం అడుగుతాం. దయచేసి అక్కడిదాకా చదవండి.

ముందు మనుషుల గురించి. పదో తరగతి పరీక్షలు రాసిన అబ్బాయిలు ఇద్దరు, డిగ్రీ రెండో ఏడు చదివే అమ్మాయి, బట్టలు కుట్టే సహోదరి, ట్రాక్టరు తోలే తమ్ముడు, అంగన్‌వాడీలో పనిచేసే చెల్లి, ఏడో మనిషి సంఘకాపరి. అందరికన్నా మొండి వేళ్లు అయ్యగారివే అని మిగతా ఆరుగురూ మొదటి రోజే తీర్మానించారు, దానికి ఎదురు చెప్పడానికి ఆధారం దొరకలేదు. గిటార్లు మూడు. ఒకటి ఉద్యోగం చేసుకుంటున్న మన అబ్బాయి పంపింది, ఒకటి పాతది కొన్నది, ఒకటి టౌనులో తెలిసినవాళ్లు సెలవులు అయ్యేదాకా వాడుకోమని ఇచ్చింది. ముగ్గురు వాయిస్తుంటే నలుగురు ఖాళీగా కూర్చోకూడదని ఒక నియమం పెట్టుకున్నాం. చేతిలో గిటారు లేనివాళ్లు పాడాలి, లేదా తాళం వేయాలి.

నేర్పడానికి టౌను నుంచి ఒక యౌవనస్థుడు మంగళవారం, శుక్రవారం బండి మీద వచ్చేవాడు. కాలేజీలో నేర్చుకున్నాడు, డబ్బు తీసుకోలేదు, మజ్జిగ మాత్రం తాగాడు. మే నెలాఖరుకి అతనికి ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మేమే ఒకరికొకరం.

కూర్చునే వేళ తెల్లవారి ఐదున్నర నుంచి ఏడు. ఏడు దాటితే ఒకరు ఉపాధి పనికి, ఒకరు మిషను దగ్గరకు, ఒకరు పొలానికి. అదీగాక మన మందిరం రేకుల కప్పు సంగతి మీకు తెలుసు. పదిగంటలకల్లా లోపల కూర్చున్న మనిషే కాదు, గిటారు కూడా నిలవదు. ఉక్కు తీగ వేడికి సాగుతుంది, సాగితే శ్రుతి దిగుతుంది. తెల్లవారి సరిచేసిన తీగలు మధ్యాహ్నానికి ఒక్కొక్కటి ఒక్కో దారి పట్టేవి. చెమట చేతులతో ముట్టుకుంటే తీగలు తుప్పు పడతాయి కాబట్టి వాయించిన ప్రతిసారీ నూలు గుడ్డతో తుడవడం మొదటి పాఠమైంది. గిటారును రేకుల కింద వదలకుండా ప్రతి ఉదయం పక్కింటి మట్టి గోడల గదిలో పెట్టడం రెండో పాఠం. కార్డ్ అనే మాట వినేసరికి ఈ రెండూ అలవాటయ్యాయి.

కార్డ్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. మూడు నాలుగు స్వరాలను కలిపి ఒకేసారి పలికించే గుత్తి. ఎడమచేతి వేళ్లతో తీగలను ఒక వరసలో నొక్కిపట్టి కుడిచేత్తో మీటితే ఆ గుత్తి పలుకుతుంది. మాకు ముందు నేర్పినవి జి, సి, డి, ఈ మైనర్. ఈ నాలుగూ వస్తే ఇప్పుడు సంఘాల్లో పాడే కొత్త పాటల్లో చాలా వాటికి తోడు వాయించవచ్చు. వినడానికి తేలిక. చేతికి కాదు. మొదటి వారం ఎడమచేతి వేళ్ల కొసలు ఎర్రగా కమిలిపోయాయి. ట్రాక్టరు తోలే తమ్ముడి అరచేతులు చిన్నప్పుడే కాయలు కాచాయి, అయినా వేలి కొసలు మెత్తగానే ఉన్నాయని అప్పుడే తెలిసింది. బట్టలు కుట్టే సహోదరికి సూది పోట్లతో కుడిచేతి వేళ్లు గట్టిపడ్డాయి, గిటారేమో ఎడమచేతిని అడిగింది. కష్టపడి బతికేవాళ్ల చేతులు కూడా కొత్త పని దగ్గర మళ్లీ పసిచేతులే. మూడో వారానికి అందరి వేలికొసలూ గట్టిపడ్డాయి. అప్పటిదాకా ఎవరూ మానకపోవడమే మొదటి విజయం అనుకున్నాం.

మా గురువు ఒక నోటుపుస్తకం పెట్టించాడు. ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కు ఒక నిమిషంలో ఎన్నిసార్లు మారగలమో లెక్కపెట్టి తేదీ వేసి రాయాలి. కార్డ్ పట్టడం రెండు రోజుల్లో వస్తుంది. ఒకదాన్ని వదిలి రెండోదాన్ని పట్టే ఆ సందులోనే పాట తెగిపోతుంది. పాడేవాళ్లు ముందుకు వెళ్లిపోతారు, మన వేళ్లు గాలిలో ఉంటాయి. మొదటి వారం జి నుంచి సి కి మా లెక్కలు 6, 8, 9, 11 ఇలా ఉన్నాయి. జూన్ మొదటి వారానికి అబ్బాయిల్లో ఒకడు 52 చేశాడు. డిగ్రీ అమ్మాయి 40, ట్రాక్టరు తమ్ముడు 34. అంగన్‌వాడీ చెల్లి 19 దగ్గర ఆగింది. అంకెలు చూసి ఆమె ఒకరోజు, "నేను తాళం వేస్తానండీ, గిటారు వాళ్లకే ఇవ్వండి" అంది. నోటుపుస్తకం చూస్తే అందులో న్యాయం ఉన్నట్టే ఉంది. ఆమెను ఉండమన్నాం. ఎందుకు మంచిదైందో ముందుకు వెళితే తెలుస్తుంది.

ఎఫ్ అనే కార్డ్ ఒకటి ఉంది. చూపుడువేలిని అడ్డంగా పరిచి తీగలన్నీ నొక్కాలి, మిగతా మూడు వేళ్లు వాటి చోట్లలో ఉండాలి. ఏడుగురిలో ఇద్దరికే అది శుభ్రంగా పలికింది. మిగతా ఐదుగురికి గురువు ఒక దారి చూపించాడు. కాపో అని చిన్న బిగింపు. దాన్ని గిటారు మెడ మీద ఒక మెట్టు దగ్గర బిగిస్తే తీగలన్నిటి శ్రుతీ ఒకేసారి పెరుగుతుంది, తెలిసిన కార్డులతోనే వేరే శ్రుతిలో వాయించుకోవచ్చు. ఆ బిగింపు మాకు తర్వాత ఎక్కడ అక్కరకు వచ్చిందో చెబుతాం.

తాళం విషయంలో మాత్రం మాకు ముందే ఒక ఆస్తి ఉంది. వీడియోల్లో నేర్పే మీటడం చాలావరకు నాలుగు దెబ్బల లెక్క. మన ఊరి డోలక్ మీద పుట్టిన పాటల్లో చాలా వాటికి ఆరు దెబ్బల నడక. కుడిచెయ్యి నాలుగుకు అలవాటు పడితే ఆరు దగ్గర తడబడుతుంది. డోలక్ వాయించే అన్న ఒక ఉదయం వచ్చి, గిటార్లు కింద పెట్టించి, తొడల మీద దెబ్బలు వేయించాడు. అరగంటలో పని అయింది. మే నెలలో పిల్లల బైబిలు బడి జరిగిన రోజుల్లో ఆ ఆరు దెబ్బలతోనే మూడు పాటలు వాయించాం. పిల్లలు మాకన్నా వేగంగా పాడి మమ్మల్ని పరుగెత్తించారు.

ఈ మధ్యలో కొందరు పెద్దలు ఒక మాట అడిగారు. ప్రేమతోనే అడిగారు. "గిటారు సినిమా వాయిద్యం కదా అయ్యగారూ, మందిరంలో ఎందుకు? మన హార్మోనియం లేదా?" ఈ ప్రశ్నను తోసిపుచ్చకుండా ఆలోచించాం. హార్మోనియం కూడా మన పొలం గట్టున మొలిచింది కాదు. ఐరోపాలో పుట్టింది. పారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ 1842లో దానికి పేటెంటు తీసుకున్నాడు. కాళ్లతో తొక్కే ఆ పెట్టెను నేల మీద కూర్చుని ఒక చేత్తో ఊదుకునేలా కలకత్తాలో మార్చారు. మనదైపోయింది. అయినా ఆకాశవాణి 1940 నుంచి 1971 వరకు హార్మోనియంను తన స్టూడియోల్లోకి రానివ్వలేదు. మెట్లు బిగించిన ఆ వాయిద్యం మన రాగంలోని వంపులను పలికించలేదన్నది దాని మీద ఉన్న పెద్ద అభ్యంతరం. ఈ రోజు హార్మోనియం లేని భజన గాని, పాత సంఘం గాని ఊహించలేం. ఇక గిటారు సంగతి: క్రిస్మస్ రాత్రి మనం పాడుకునే 'శుద్ధరాత్రి' పాట మొదటిసారి వినిపించింది 1818 డిసెంబర్ 24న, ఆస్ట్రియాలోని ఓబర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊరి గుడిలో. మాటలు రాసిన యోసెఫ్ మోర్ ఆ గుడిలో సహాయ గురువు. స్వరం కట్టిన ఫ్రాంజ్ గ్రూబర్ పక్క ఊరి బడిపంతులు. ఆ రాత్రి వాళ్లు పాడినప్పుడు తోడు పలికింది గిటారే. పల్లెటూరి కాపరి, పల్లెటూరి పంతులు, ఒక గిటారు. ఆ మాట చెప్పాక పెద్దలు నవ్వి, "అయితే ఆ పెట్టెతో మన పాత కీర్తన ఒకటి వాయించండి, చూస్తాం" అన్నారు.

మా వేసవి అక్కడ మలుపు తిరిగింది.

కొత్త పాటలకు ఫోనులో కార్డులు దొరుకుతాయి. పాత కీర్తన కోసం ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచాం. చౌధురి పురుషోత్తముగారి వంటివారు రాసిన పాటలు అవి. ఆయన 1803లో పుట్టి 1890లో ప్రభువు నొద్దకు వెళ్లారు. పుస్తకంలో ప్రతి పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. శంకరాభరణం, ఆనందభైరవి, మోహన, కాంభోజి. ఆదితాళం, ఆటతాళం, త్రిపుట. చిన్నప్పటి నుంచి ఆ పేర్ల మీదుగా చూపు జారి కింద మాటల దగ్గర ఆగడం మనందరి అలవాటు. గిటారు చేతిలో పట్టుకుని చూస్తే అప్పుడు తెలిసింది: రాగం పేరు ఉంది, రాగం లేదు. స్వరాలు లేవు. ఎక్కడ ఎత్తుకోవాలో, ఏ అక్షరం మీద ఆగాలో ఏమీ లేదు. ఫోనులో వెతికితే ఒకే పాట మూడు రకాలుగా దొరికింది, అందులో ఒక్కటీ మన ఊళ్లో పాడేది కాదు. మాటలు అచ్చులో భద్రంగా ఉన్నాయి. పాట మాత్రం నోటి నుంచి చెవికి, చెవి నుంచి నోటికి నడిచి ఇంతదాకా వచ్చింది.

ఇలాంటిది బైబిలులోనే ఉంది. దావీదు కీర్తనల శీర్షికలు గమనించండి. 22వ కీర్తన పైన 'అయ్యలెత్ షహరు' అనే రాగం పేరు ఉంటుంది, తెల్లవారి లేడి అని దాని అర్థం. ఇంకా కొన్ని కీర్తనల పైన ఇలాంటి పేర్లే కనిపిస్తాయి. ఒకప్పుడు ఆ పేరు చెబితే చాలు, గాయకులు ఎత్తుకునేవారు. అందరికీ తెలిసిన రాగాన్ని రాసిపెట్టడం ఎందుకని పేరు మాత్రం రాశారు. ఈ రోజు లోకంలో ఆ రాగం ఎత్తుకోగల మనిషి లేడు. మాటలన్నీ మనకు చేరాయి, సిలువ మీద ప్రభువు పలికిన మాట కూడా ఆ 22వ కీర్తనలోనిదే. దాని రాగం మాత్రం దారిలో పోయింది. ఎవరూ కావాలని పారేసింది కాదు. తెలిసినవాళ్లు ఒక్కొక్కరే నిద్రించారు, నేర్చుకున్నవాళ్లు తగ్గారు, అంతే.

మన సంఘంలో పాత కీర్తనలు తెలిసిన మామ్మగారు ఎవరో మీకు చెప్పనక్కరలేదు. ఎనభై దాటాయి, రెండేళ్లుగా ఆయాసంతో మందిరానికి రాలేకపోతున్నారు. మే మూడో వారం నుంచి సాయంత్రం ఆరింటికి ఆమె ఇంటి వసారాలో కూర్చోవడం మొదలుపెట్టాం. హార్మోనియం వాయించే తాతయ్యగారు కూడా మాతో వచ్చారు. మొదటి రోజు మూడు గిటార్లూ పట్టుకెళ్లి కార్డులు సిద్ధం చేసుకుని, "పాడండి మామ్మగారూ" అన్నాం. ఆమె ఎత్తుకున్నారు, మేం వాయించాం. రెండు చరణాల తర్వాత ఆపేశారు.

"ఏరా నాయనా, ఆ పెట్టెల మోతలో నా గొంతు నాకే వినపడట్లేదు. నేను ఊపిరి తీసుకునేదాకా కూడా ఆగరేం?"

ఆమెకు ఆయాసం. చరణం చివర ఆగి ఊపిరి తీసుకుంటారు. ఒక్కోసారి రెండు దెబ్బలంత సేపు, ఒక్కోసారి నాలుగు. మా వేళ్లు నోటుపుస్తకంలో నేర్చుకున్న లెక్క ప్రకారం నడుస్తున్నాయి. 52 మార్పుల వేగం ఉన్న అబ్బాయి అందరికన్నా ముందు వెళ్లిపోయాడు. ఆ రోజు ఆమె ఊపిరికి సరిగ్గా ఆగి, సరిగ్గా అందుకున్నది 19 దగ్గర ఆగిపోయిన అంగన్‌వాడీ చెల్లి. ఎలా చేశావమ్మా అని అడిగితే, "పిల్లల చేత పాటలు పాడించేటప్పుడు ఎవడు ఎక్కడ ఆగుతాడో చూస్తూనే ఉండాలి కదండీ. మామ్మగారి భుజాలు చూశాను. ఊపిరి తీసుకునే ముందు భుజం లేస్తుంది" అంది. ఆ మర్నాటి నుంచి మేమందరం గిటారు మీద వేళ్లను చూడడం మాని మామ్మగారి భుజాలను చూడడం నేర్చుకున్నాం. వేళ్లు చూడకుండా కార్డ్ మార్చడం అప్పుడు వచ్చింది, అప్పటిదాకా రానిది.

శ్రుతి ఇంకో కష్టం. ఆమె ఎత్తుకునే శ్రుతి మా కార్డ్ కాగితాల్లో దేనికీ కలవలేదు. తాతయ్యగారు హార్మోనియం మీద వెతికి, "నాలుగో శ్రుతి, ఎఫ్" అని తేల్చారు. మేము భయపడే ఆ ఎఫ్. అప్పుడు డిగ్రీ అమ్మాయి ఒక ఉపాయం పట్టుకొచ్చింది. గిటారు మీద అన్నిటికన్నా లావు తీగ ఈ. దాన్ని ఒక స్వరం దింపి డి చేసింది. ఇప్పుడు లావు తీగలు మూడూ డి, ఏ, డి. అంటే స, ప, పై స. మూడో మెట్టు మీద కాపో బిగిస్తే అవే ఎఫ్, సి, ఎఫ్ అయ్యాయి. ఎడమచేత్తో ఏమీ నొక్కనక్కరలేదు. ఆ మూడు తీగలను నెమ్మదిగా ఒకదాని తర్వాత ఒకటి మీటుతూ ఉంటే తంబూరా పలికినట్టు ఉంది. మామ్మగారు కళ్లు మూసుకుని విని, "ఇప్పుడు బాగుంది" అన్నారు. నెలన్నర కష్టపడి నేర్చుకున్న కార్డులన్నీ పక్కన పెట్టి మూడు వట్టి తీగలు మీటాం. మాలో ఎవరికీ చిన్నతనం అనిపించలేదు. ఆమె గొంతు మొదటిసారి పూర్తిగా వినిపించింది.

శంకరాభరణంలో ఉన్న పాటలు మాకు త్వరగా పట్టుబడ్డాయి. పాశ్చాత్యుల మేజర్ స్కేలులో ఉన్న స్వరాలే అవి, కాబట్టి గిటారు మెట్లకు కుదిరాయి, కొన్నిటికి తర్వాత కార్డులు కూడా కట్టుకున్నాం. ఆనందభైరవి లొంగలేదు. ఆ రాగం ప్రాణం స్వరానికీ స్వరానికీ నడుమ ఉన్న వంపులో ఉంది. వీణ మీద తీగను పక్కకు లాగి గమకం పలికించినట్టు గిటారు మీద లాగి చూశాం. కొంత వచ్చింది, కొంత రాలేదు. ఆకాశవాణివారి అభ్యంతరంలో సత్యం ఎంత ఉందో వేలికొసలతో తెలుసుకున్నాం. ఆ పాటలను గిటారుకు ఇవ్వకుండా గొంతులోనే ఉంచుకున్నాం. తోడుకు ఆ మూడు తీగలు చాలు.

జూన్ మూడో ఆదివారానికి లెక్క ఇదీ. కొత్త పాటలు పదకొండు, కార్డులతో. మామ్మగారి దగ్గర కీర్తనలు తొమ్మిది, ప్రతిదీ కనీసం ముగ్గురికి నోటికి వచ్చేదాకా. ఫోనులో కూడా రికార్డు చేశాం, కాని రికార్డు ఉంది కదా అని ఎవరూ నేర్చుకోవడం మానకూడదని కట్టడి పెట్టుకున్నాం. ఫోను పోతుంది, మారుతుంది. పాడే మనిషి ఉంటే పాట ఉంటుంది.

పదో పాట గురించి చెప్పాలి. పుస్తకంలో ఒక పేజీ చూపించి మామ్మగారు, "ఇది మా నాన్న కోతల కాలంలో కళ్లంలో పాడేవాడు" అన్నారు. పల్లవి పాడారు. ఎంత బాగుందో చెప్పలేం. చరణం దగ్గర ఆగారు. మళ్లీ పల్లవి ఎత్తుకున్నారు, మళ్లీ అక్కడే ఆగారు. మూడోసారి పుస్తకం వైపు చూసి, "నోటికి రావట్లేదురా. మా అక్కకు వచ్చు" అన్నారు. అక్కగారు కన్నుమూసి ఆరేళ్లయింది. చాలా సేపు ఎవరం మాట్లాడలేదు. నాలుగు చరణాల మాటలూ ఆ పేజీలో ఉన్నాయి. ఒక్క అక్షరం చెరగలేదు. వాటిని నడిపించే రాగం ఒక సమాధిలో ఉంది. తర్వాత రెండు వారాలు ఆ పాట అడిగిన ప్రతిసారీ ఆమె పల్లవి వరకే పాడారు. మేము కూడా పల్లవి వరకే నేర్చుకున్నాం. చరణానికి సొంతంగా ఏదో ఒక రాగం కట్టేయవచ్చని అబ్బాయిలు అన్నారు. కొంతకాలం ఖాళీగానే ఉంచుదామని అనుకున్నాం. ఎవరికైనా తెలిసి ఉంటే ఆ చోటు వాళ్లది.

దినవృత్తాంతముల మొదటి గ్రంథం 25వ అధ్యాయం ఈ వేసవిలో మేము చాలాసార్లు చదువుకున్నాం. దావీదు మందిర సేవ కోసం గాయకులను, వాద్యకారులను ఏర్పరచిన అధ్యాయం. ప్రవీణులు 288 మంది, ఇరవై నాలుగు వంతులు, వంతుకు పన్నెండుగురు. వట్టి పేర్ల జాబితా అని దాటి వెళ్లిపోయే అధ్యాయమే. కాని 8వ వచనం దగ్గర ఆగండి. ఎవరి వంతు ముందో తేల్చడానికి చీట్లు వేసినప్పుడు చిన్నా పెద్దా తేడా చూడలేదు, గురువుకూ శిష్యుడికీ ఒకే పద్ధతి. అంటే ఆ 288 మందిలో నేర్పేవాడూ నేర్చుకునేవాడూ పక్కపక్కన నిలబడ్డారు. పూర్తిగా వచ్చాకే సేవలోకి రమ్మని శిష్యుణ్ని బయట నిలబెట్టలేదు. అలా నిలబెట్టి ఉంటే ఒక తరం తర్వాత మందిరంలో పాడేవాడే ఉండడు. ఒకరి పాట ఇంకొకరికి దాటే చోటు కూడా ఆరాధనలో భాగమే.

నోటుపుస్తకంలో అంకెలు ఇంకా రాస్తూనే ఉన్నాం, అవి అవసరమే. కష్టపడని వేలు ఎవరికీ తోడు వాయించలేదు. 52 చేసిన అబ్బాయి వేగం వృథా కాలేదు, ఇప్పుడు అతను ఆగడం కూడా నేర్చుకున్నాడు కాబట్టి మా అందరికన్నా బాగా వాయిస్తున్నాడు. అయినా ఎవరైనా "ఎంతదాకా వచ్చింది" అని అడిగితే మేము చెప్పే లెక్క మారింది. ఏప్రిల్‌లో ఆ తొమ్మిది కీర్తనలు మన ఊళ్లో ఒక్క గొంతులో ఉన్నాయి. ఇప్పుడు కనీసం నాలుగు గొంతుల్లో ఉన్నాయి.

జూన్ మూడో ఆదివారం ఆరాధనలో రెండు కొత్త పాటలు, ఒక పాత కీర్తన వాయించాం. మామ్మగారు రాలేరు కాబట్టి ఫోను కలిపి ఆమె మంచం దగ్గర పెట్టించాం. కీర్తనలో చరణం చివర మేము ఆమె ఊపిరి తీసుకునేంత సేపు ఆగాం. ఆయాసం లేని యౌవనస్థులు అక్కడ ఎందుకు ఆగుతున్నారో సంఘంలో కొందరికి అర్థం కాలేదు. మన ఊళ్లో ఆ పాట ఇక అలాగే ఉంటుంది కాబోలు.

బడులు తెరిచారు. అబ్బాయిలు ఇద్దరూ ఇంటర్‌కు హాస్టల్లో చేరుతున్నారు, డిగ్రీ అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయింది. అరువు గిటారు తిరిగి ఇచ్చేశాం. మిగిలినవాళ్లం నలుగురం, గిటార్లు రెండు. నాట్లు మొదలైతే ఉదయాలు కుదరవు, ఆదివారం ఆరాధన తర్వాత గంటసేపు కూర్చుంటాం. ఎవరు వచ్చినా చోటు ఉంది. వేలికొసలు నొప్పి పెడతాయని ముందే చెబుతున్నాం.

ఇప్పుడు మేము అడుగుతామన్న సహాయం. ఆ పదో పాట పేజీ ఫోటో సంఘపు వాట్సాప్ గ్రూపులో పెట్టాం, కింద మామ్మగారు పాడిన పల్లవి కూడా ఉంది. మీ అమ్మమ్మకో, మీ అత్తగారికో, మీరు ఇప్పుడు వెళ్తున్న సంఘంలో ఏ పెద్దమనిషికో దాని చరణం తెలుసేమో ఒక్కసారి వినిపించి అడగండి. తెలిస్తే పాడించి పంపండి. గొంతు బాగాలేదని వాళ్లు వద్దంటారు. బతిమాలండి. ఆ పాట తెలియకపోతే వేరే ఏ కీర్తన తెలుసో అడగండి. పక్కన కూర్చుని ఒక్కటి నేర్చుకోండి. ఊపిరి ఎక్కడ తీసుకుంటారో చూడండి.

పాటను ఇచ్చిన దేవుడు, దాన్ని మనదాకా మోసుకొచ్చిన పెద్దల ఆయుష్షును కాపాడునుగాక. నేర్చుకునే మన పిల్లల చేతులను, గొంతులను దీవించునుగాక. ఆమేన్.

మీ కొరకు ప్రార్థించే,
మీ సంఘకాపరి, ఆరుగురు గిటారు సహవాసులు